గృహవిద్య: తేలికగుఱుతులతో వాడుకపత్రములు వ్రాయుట

కుట్టుమిషను కొన్నవారికి దానితోఁ గూడ ఒక చిన్నపొత్తము వచ్చును. సూది యెట్లు తగిలింపవలయునో, నూనె యెక్కడ వేయవలయునో, దారము తెగినచో నేమి చేయవలయునో అందు వ్రాసియుండును. కంప్యూటరునందును ఫోనునందును నడచు సాఫ్టువేరునకును అట్టి పొత్తమే యొకటి యుండవలయును. దానిని చేయువారు డాక్యుమెంటేషన్ అందురు, మనము వాడుకపత్రమందము. ఈ వాడుకపత్రములను వ్రాయుటకు లోకమున నేఁడు ప్రచారములో నున్న తేలికగుఱుతుల పద్ధతినిఁ గూర్చి ఈ నెల ముచ్చటింపఁ దలఁచితిమి.

“ఇది ఇంజనీర్ల పని గదా, ఇల్లు చక్కఁబెట్టుకొనువారి పుటలలో దీని కేమి పని?” యని కొందఱకుఁ దోఁపవచ్చును. మన కడపజిల్లానే చూడుఁడు. పులివెందులలో 2006లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వెలసినది. దానికి చేరువనే ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ పేరిటి సాంకేతిక విద్యాలయము ఏర్పడి, పల్లెబడులలో పదవతరగతి ముగించిన పిల్లలను చేర్చుకొనుచున్నది. ప్రొద్దుటూరిలో యోగివేమన విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల కలదు. వీనిలోఁ జదివిన ఆఁడపిల్లలలో ఎందఱో వివాహమైన పిదప ప్రొద్దుటూరి అంగళ్ల వెనుకనున్న యిండ్లకో, జమ్మలమడుగు వీధులకో కాపురమునకు వచ్చి, చదివిన చదువును పెట్టెలోని పట్టుచీరవలె మడిచి దాఁచియున్నారు.

మఱియొక వైపు చూడుఁడు. 2016లో యూపీఐ వచ్చినది మొదలు కూరగాయల బండివాని యొద్దను సొమ్ము ఫోనుమీఁదనే చెల్లుచున్నది. పొదుపుసంఘపు లెక్కయు, పిల్లవాని ఫీజును, కరెంటు బిల్లును ఫోనులోనికే వచ్చినవి. వీనిని నడపుట తెలుపు పత్రములు చాలవఱకు ఆంగ్లమున నున్నవి. తెలుఁగున నున్నచోటను, అర్థము కాని తెలుఁగుగా నుండుట కద్దు. అందువలన ఇంటియిల్లాలు తన ఫోనును మఱియొకరి చేతికిచ్చి “కాస్త చూడు నాయనా” యని యడుగవలసి వచ్చుచున్నది. చేతికిచ్చునది ఫోను మాత్రమే కాదు, తన సొమ్ముయొక్క తాళపుచెవి. చదివి యూరకున్నవారొకవైపు, చదువవలసిన పత్రము లేక చేయి చాచువారు మఱియొకవైపు. ఈ రెంటి నడుమనున్న చిన్నవంతెనయే మేము చెప్పఁబోవు విద్య.

గుఱుతు అనఁగా నేమి?

ఇది మనకు క్రొత్త కాదు. భారతభాగవతములు చదివిన సోదరీమణులు పద్యమునకు ముందు “క.” యని యున్నచోఁ గందమనియు, “ఉ.” యనిన నుత్పలమాల యనియు, “తే.” యనినఁ దేటగీతి యనియు, “వ.” యనిన వచనమనియు నెఱుఁగుదురు. ఆ యక్షరమును ఎవ్వరును రాగమున పాడరు. అది చదువరి కంటికి మాత్రమే సూచన. దానిని చూచినంతనే గొంతు తన నడకను మార్చుకొనును. వ్రాఁతలో నుండియు, చెప్పవలసిన మాటలో భాగము కానిది ఏదో అదియే గుఱుతు. ఒక్క యక్షరమును ఒక్క చుక్కయు నింత పనిచేయుచున్నవి గనుక, తేలికగుఱుతుల కింతకంటె మంచి యుదాహరణము వెదకనక్కఱలేదు.

గుఱుతులు లేనినాఁటి చదువు ఎట్లుండెనో తెలియవలెనన్న, మన ప్రొద్దుటూరికి చేరువనే ఎఱ్ఱగుంట్ల మండలములోని కలమళ్ళను దలఁచుకొనవలయును. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితులు చెప్పు రేనాటి చోడరాజు ధనంజయుని శాసనము అక్కడిదే. ఇది దొరకిన తెలుఁగుశాసనములలో మొదటిదిగా నెన్నఁబడుచున్నది. ఆ కాలపు శాసనములలో మాటకు మాటకు నడుమ ఎడము లేదు. వాక్యము ముగిసెనని తెలుపు చుక్క లేదు. పండితులు కూర్చుండి మాటలను విడఁదీయవలసి వచ్చినది. అచ్చు వచ్చిన పిదప ఎడములును, చుక్కలును, పెద్దయక్షరముల శీర్షికలును వచ్చినవి. ఏది పెద్దయక్షరముగా కూర్పవలయునో వ్రాఁతప్రతిమీఁదనే గీఁతలు గీచి అచ్చుకూటమునకు పంపుచుండిరి. ఆ గీఁతలకే మార్కప్ అను పేరు కలిగినది.

బరువు గుఱుతులు, తేలిక గుఱుతులు

1991 ప్రాంతమున టిమ్ బర్నర్స్‌-లీ అను నాంగ్లేయుఁడు లోకమునకుఁ దెలిపిన హెచ్.టి.ఎమ్.ఎల్. అను పద్ధతిలో ప్రతి శీర్షికకును, ప్రతి పేరాకును మొదట నొకటి, తుద నొకటి కోణపు బ్రాకెట్లతోఁ గూడిన గుఱుతు నుంచవలయును. యంత్రమునకు అది చాల స్పష్టము. కాని వ్రాయువారి కంటికి, నగలెక్కువై మొగము కానరాని పెండ్లికూఁతురు వలె మాట మఱుఁగుపడును.

అందుచేత 2004లో జాన్ గ్రూబర్ అను అమెరికా దేశీయుఁడు, ఆరన్ స్వార్జ్ అను యువకుని సాయముతో, మార్క్‌డౌన్ అను తేలికపద్ధతిని కల్పించెను. యంత్రము మార్చి చూపకమునుపును ఆ వ్రాఁత మామూలు జాబు వలె చదువుకొనుటకు వీలుగా నుండవలయునన్నదే దాని నియమము. దీనికిఁ దోఁబుట్టువులు పెక్కులు కలవు. 2002 ప్రాంతమున డేవిడ్ గుడ్జర్ రూపొందించిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనునది యొకటి. 2008లో వెలువడిన స్ఫింక్స్ అను పనిముట్టు దానిని గ్రహించి, పైథాన్ భాషయొక్క గొప్ప వివరణగ్రంథమును పుటలుగా తీర్చుచున్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుఁగు వికీపీడియాలో వాడు వికీగుఱుతులు మఱియొకటి. ఒకటి నేర్చినవారికి తక్కినవి రెండుమూఁడు దినముల పని గనుక, మార్క్‌డౌన్‌నే ముందు చెప్పెదము.

ముఖ్యమైన గుఱుతులు

మొదటిది శీర్షిక. పంక్తి మొదట హ్యాష్ గుఱుతు నొక్కటి పెట్టి, కొంచెమెడమిచ్చి వ్రాసినది గ్రంథపు పేరగును. రెండు హ్యాష్‌లు పెట్టినది అధ్యాయము. మూఁడు పెట్టినది అందులోని భాగము. ఎడమియ్యనిచో 2014 నాఁటి కామన్‌మార్క్ నియమముల ప్రకారము అది శీర్షికగా నెన్నఁబడదు.

రెండవది పేరా. రెండు పేరాల నడుమ నొక పంక్తిని ఖాళీగా విడువవలయును. విడువక ఒకదానిక్రింద నొకటి వ్రాసిన పంక్తులు కలిసి ఒకే పేరా యగును. పద్యము వ్రాయు సోదరీమణులు దీనిని గట్టిగా గుర్తుంచుకొనవలయును. నాలుగు పాదములను నాలుగు పంక్తులుగా వ్రాసినను యంత్రము వానిని వచనమువలె నొకటిగాఁ జేర్చివేయును. ప్రతి పాదముతుదను రెండు ఖాళీయెడములు విడిచినచో పాదవిభాగము నిలుచును.

మూఁడవది జాబితా. అడ్డుగీఁతయో నక్షత్రమో పెట్టి వ్రాసినవి చుక్కల జాబితా యగును. 1, 2 అని యంకెవేసి చుక్కపెట్టినవి వరుసపనులగును. నడుమ నొక పని చేర్చవలసివచ్చినచో తరువాతి యంకెలన్నియు దిద్దనక్కఱలేదు. యంత్రమే వరుసగా మార్చుకొనును. కాని ఒక పేరాను “1858.” అని సంవత్సరముతో మొదలుపెట్టినచో, దానిని జాబితాలోని 1858వ పని యనుకొనును. చుక్కకు ముందు వెనుకకు వాలిన గీఁత నొక్కటి యుంచినచో ఆ భ్రమ తీఱును.

నాలుగవది ఒత్తి చెప్పుట. మాటకు ముందు వెనుకల రెండేసి నక్షత్రము లుంచినచో ముదురక్షరములగును. ఒక్కొక్కటి యుంచినచో వాలుటక్షరములగును. వాలుట అనునది రోమక లిపికి సహజముగాని మన గుండ్రని యక్షరములకుఁ గాదు. వాలిన తెలుఁగు కంటికి ఇంపుగా నుండదు. కావున తెలుఁగున ముదురక్షరములతోనే పని గడుపుకొనుట మేలు.

అయిదవది ఉన్నది ఉన్నట్లు చూపుట. యంత్రమునకు టైపుచేసి యియ్యవలసిన మాటలను నాలుగు ఎడములు లోపలికి జరిపి వ్రాసినచో, అందలి గుఱుతులు పనిచేయక వ్రాసినవి వ్రాసినట్లే కానవచ్చును. ఆఱవది లంకె: మాటను చదరపు బ్రాకెట్లలోను, పోవలసిన చోటిని వెంటనే గుండ్రని బ్రాకెట్లలోను వ్రాయవలయును. ఇంతమాత్రముతోనే పదింట తొమ్మిది పత్రములను వ్రాయవచ్చును.

తెలుఁగునకు వచ్చెడి చిక్కు

ఈ గుఱుతులను కల్పించినవారు ఆంగ్లమును మనసునం దుంచుకొనిరి. ఆంగ్లమున మాటకు మాటకు నడుమ ఎడముండును. “లో, కు, నుండి” యను నర్థము లిచ్చునవి విడిమాటలు. మనకట్లు గాదు. విభక్తి మాటకు అంటుకొని వచ్చును. మన మూఁడూళ్ల పేళ్లే దీనికి చక్కని యుదాహరణములు.

జమ్మలమడుగు అను పేరును ముదురుగాఁ జూపి “లో” చేర్చుట యిట్లు:

    **జమ్మలమడుగు**లో

నక్షత్రములతో నిది చక్కఁగాఁ బనిచేయును. కొందఱు నక్షత్రములకు బదులు అడుగుగీఁతలు వాడుదురు. అవి మాట నడుమ వచ్చినచో కామన్‌మార్క్ వానిని గుఱుతుగా నంగీకరింపదు. “లో” అంటియుండుటచే గీఁతలు గీఁతలుగానే మిగిలిపోవును. కనుక తెలుఁగు వ్రాయువారికి నక్షత్రమే శరణ్యము.

పులివెందుల యను పేరును కొటేషను గుఱుతులతోఁ గూడ ముదురుగాఁ జేసి “లో” చేర్చినచో మఱియొక చిక్కు:

    **“పులివెందుల”**లో

మూసెడి నక్షత్రములకు ముందు కొటేషనును, వెనుక అక్షరమును ఉన్నందున ఇచ్చట యంత్రము ముగింపును గుర్తింపదు. కొటేషనులను నక్షత్రముల వెలుపల నుంచినచో బాగుపడును. రీస్ట్రక్చర్డ్‌టెక్స్టులో నియమ మింకను కఠినము: మూసిన నక్షత్రముల వెనుక ఎడముగాని విరామచిహ్నముగాని యుండితీరవలయును. అందువలన తెలుఁగు విభక్తికి ముందు వెనుకకు వాలిన గీఁతయు నొక యెడమును ఉంచవలయును:

    **పులివెందుల**\ లో

ఆ రెండును అచ్చులో మాయమై విభక్తి మాటకే యంటుకొనును.

ఇఁక ప్రొద్దుటూరు. వికీగుఱుతులలో లంకెకు రెండేసి చదరపు బ్రాకెట్లు వాడుదురు. అవి మూసిన వెంటనే తెలుఁగక్షరములు వచ్చినచో అవియు లంకెలోఁ గలిసిపోవునట్లు తెలుఁగు వికీపీడియాలో నేర్పాటున్నది. కావున జమ్మలమడుగులో, పులివెందులలో అనునవి సులువుగా సాగును. కాని ప్రొద్దుటూరు పక్కన “లో” చేరునప్పటికి “ప్రొద్దుటూరిలో” యని మాట రూపమే మాఱినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఔపవిభక్తికమని నేర్చుకొన్న యికారమే యిది. యంత్రము బాలవ్యాకరణము చదువలేదు గనుక వ్రాయువారే నిలువుగీఁతతో రెండు రూపములను తెలుపవలయును:

    [[ప్రొద్దుటూరు|ప్రొద్దుటూరి]]లో

మొదటిది పోవలసిన పుట పేరు, రెండవది కంటికిఁ గనఁబడు రూపము. చూచితిరా, ఇంజనీరింగు చదువకున్నను వ్యాకరణము చదివిన యింటివారికి ఇందు ఎంత పాలున్నదో! సంధులు, విభక్తులు తెలిసినవారే ఎచ్చట తెగునో ఎచ్చట అంటునో ముందుగా పసిగట్టఁగలరు.

పత్రము వ్రాయు తీరు

గుఱుతులు వచ్చినంతనే పత్రము వచ్చినట్లు గాదు. గరిటె పట్టిన మాత్రమున వంట రానట్లే యిదియును. మన రాగిసంగటినే తీసికొందము. సంగటి యెఱుఁగని కోస్తాకోడలికి దానిని కాగితముమీఁద నేర్పవలెనన్న నెట్లు వ్రాయుదురు? ఏమేమి కావలయునో ముందు, తరువాత వరుస. అన్న ముడుకుచుండఁగా పైన పిండి పోయుమనుట యొక పని. పోసిన వెంటనే కెలుకరాదను హెచ్చరిక, కెలుకుమను మాటకు ముందే యుండవలయును. కెలికిన పిదప చెప్పిన హెచ్చరిక ఉండలను విడఁదీయదు. వాడుకపత్రమునకును అంతే. ఒక్క యంకెకు ఒక్క పనియే యియ్యవలయును. తెఱమీఁద ఏ మాట యున్నదో ఆ మాటనే యక్షరము మార్చక వ్రాయవలయును. ఆ పని ముగిసిన పిదప ఏమి కానవచ్చునో చెప్పవలయును. హెచ్చరిక ముందు, పని తరువాత.

ఈ క్రింది చిన్నపత్రమును గుఱుతులతోనే చూపుచున్నాము.

    # ఫోనులో సొమ్ము అందుకొనుట

    ఈ పత్రము ఫోను చెల్లింపులు క్రొత్తగా నేర్చువారి కొఱకు.

    హెచ్చరిక: సొమ్ము మనకు వచ్చునపుడు
    పిన్ను అక్కఱలేదు. ఎవరడిగినను వేయరాదు.

    ## చేయవలసిన పనులు

    1. మన క్యూఆర్ పటమును తెఱమీఁదఁ జూపవలెను.
    2. ఇచ్చువారు సొమ్ము పంపువఱకు ఆగవలెను.
    3. సొమ్ము చేరినదో లేదో మన ఫోనులోనే చూచుకొనవలెను.

సొమ్ము పంపునపుడే పిన్ను కావలయును, అందుకొనునపుడు అక్కఱలేదు. ఈ యొక్క వాక్యము తగినచోట తగిన తెలుఁగున లేకపోవుటవలన మోసగాండ్రు “సొమ్ము వేసెదము, పిన్ను నొక్కుఁడు” అని యమాయకుల ఖాతాలను ఊడ్చుచున్నారు. పత్రము వ్రాయుట వినోదము కాదనుటకు ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ప్రతులను పోల్చుట

తేలికగుఱుతుల వలన మఱియొక మేలు కలదు. ఇవి సాదా వ్రాఁతలు గనుక రెండు ప్రతులను పంక్తికి పంక్తి పోల్చి, ఎచ్చట నేమి మాఱెనో యంత్రమే చూపఁగలదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ చేసిన గిట్ అను పనిముట్టు ఇట్టి పనికే ప్రసిద్ధము. ఈ పనియు మన కడపకుఁ గ్రొత్త గాదు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌనుదొర తాటియాకు ప్రతులను సేకరించి, పండితులకు జీతములిచ్చి, ఒకే కావ్యముయొక్క పెక్కుప్రతులను పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన పేరిటి గ్రంథాలయము నేఁడును కడపలో నున్నది. నాఁడు పండితులు నెలలతరబడి చేసిన పోల్చుట నేఁడు క్షణములో ముగియును. కాని రెండు పాఠములలో ఏది మేలైనదో నిర్ణయించుట మాత్రము నేఁటికిని మనుష్యుల పనియే. పోల్చుట సులువగుటకు ఒక్కొక్క వాక్యమును ఒక్కొక్క పంక్తిగా వ్రాయుఁడు. పేరాగాఁ గూర్చుకొనుట యంత్రము చూచుకొనును.

“అడిగినంతనే పుటలకు పుటలు వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి గదా, మన మేల శ్రమపడవలయును?” అను ప్రశ్నయు విన్నాము. అవి వచ్చిన మాట నిజమే. అవియు తమ జవాబులను చాలవఱకు మార్క్‌డౌన్ గుఱుతులతోనే యిచ్చును. కాని వ్రాసిన మాటయు తెఱమీఁది మాటయు నొకటియేనా యని ఫోను చేతఁబట్టి ఒక్కొక్క మెట్టు నొక్కి చూచువారు, అత్తగారికి అర్థమగునా యని చదివి వినిపించువారు కావలయును. దిద్దవలసినవారికి గుఱుతు లింకను ఎక్కువగాఁ దెలిసియుండవలయును.

దీనివలన వెంటనే జీతము వచ్చునని మేము చెప్పము. ఇట్టి యుద్యోగములు హైదరాబాదు, బెంగుళూరు నగరములలోనే యెక్కువ. ఇంటినుండి చేయనిచ్చు సంస్థలును పని చూచిన పిదపనే యిచ్చును. కాని చూపుటకు పని యుండవలయును గదా. స్వేచ్ఛాసాఫ్టువేరు పథకములు, తెలుఁగు వికీపీడియా మొదలగునవి యెవరు వ్రాసినను స్వీకరించును. అచ్చట వ్రాసినది పేరుతో నిలిచియుండును. పట్టాతోఁ బాటు నాలుగు మంచి పత్రములు చూపఁగలిగిన కోడలి మాటకు ఇంటను బయటను విలువ హెచ్చును.

కావున ఈ నెల సోదరీమణులకు మా కోరిక యిది. మీ యింటి ఫోనులో మీరు దినమును చేయు పని యొక్కటి యెన్నుకొనుఁడు: గ్యాసుబండ కోరుట యైనను సరే, సంఘపు కంతు కట్టుట యైనను సరే. దానిని ఒక శీర్షికతో, ఒక హెచ్చరికతో, ఏడెనిమిది యంకెలకు మించకుండ వ్రాయుఁడు. వ్రాసి, ఆ పని యెఱుఁగని పొరుగామెకు ఇచ్చి, మీరు నోరు మెదపక చూచుచుండుఁడు. ఆమె ఏ యంకెయొద్ద ఆగునో ఆ యంకెను దిద్దుఁడు. ఎవ్వరి సాయమును లేక ఆమె పని ముగించిననాఁడు మీ పత్రము సిద్ధమైనట్లు. అట్టి పత్రము ఇంటికొకటి చొప్పున ప్రొద్దుటూరిలోను, జమ్మలమడుగులోను, పులివెందులలోను పుట్టినచో, తన సొమ్మునకు తానే తాళము వేసికొనఁగల స్త్రీలు మన సీమలో నెందఱో యగుదురు.